గల్మె కోడలికి కాలు నిలవదు

పిల్‌రే ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు మా ఊరు బమ్‌గోల్‌లో లేరు. అన్నం కూడా నిలబడే తింటుంది. ఊరి భవనంలో అందరం వెచ్చటి నేల మీద కాళ్ళు చాపుకుని వెల్లుల్లి ఒలుస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి ఒలుస్తుంది. కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టింది నేనే. నా తోడికోడలు కాబట్టి ఆ హక్కు నాకుంది.

మా వైపు వాళ్ళం నిదానం. ఒక మాట మొదలుపెట్టి ముగించేలోపు చేతిలో టీ చల్లారిపోతుంది. అలాంటి ఊళ్ళోకి సముద్రపొడ్డున ఉన్న గల్మె నుంచి కోడలిగా వచ్చింది. ఇక్కడ ఆడవాళ్ళను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తాం. నలభై రెండేళ్ళుగా ఆమె గల్మె కోడలే. అక్కడ సముద్రం వెనక్కి తగ్గగానే ఆడవాళ్ళు బురదలోకి దిగి గుల్లలు ఏరుకుంటారు, నీళ్ళు తిరిగి వచ్చేలోపు ఒడ్డెక్కాలి. ఆలస్యమైతే అంతే సంగతులు. ఆమె మేనత్త అలాగే పోయిందట. అక్కడ పనికొచ్చే తొందర వరిచేలో పనికిరాదే తల్లీ అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆమె భర్త డక్‌బే మా మరిది, బంగారం లాంటి మనిషి. పదకొండేళ్ళ కిందట జూలైలో గడ్డిమందు కొట్టాల్సి వచ్చింది. ఎండ తగ్గాక వెళ్తానన్నాడు. "రేపు వానట, ఇవాళే కొట్టెయ్" అని పిల్‌రే తరిమింది. వీపు మీది డబ్బా కారుతున్నా మడులన్నీ ముగించి, గట్టు మీద కూలబడ్డాడు. తర్వాత రెండేళ్ళు ఆయాసంతో తీసుకుని పోయాడు. మందు వల్లేనని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. పిల్‌రే మాత్రం మందు వల్లా, తన నోటి వల్లా అనే నమ్మింది. అంతకు ముందు పగలు మాత్రం తిరిగే మనిషికి ఆ తర్వాత నిద్ర కూడా పోయింది.

ఇక ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. మా లోయలో ఏడిళ్ళ మడులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నిటికీ ఒకే నీరు. ఏడిళ్ళవాళ్ళం కలిసి మూడేళ్ళు మందు ముట్టకుండా పండిస్తే మా బియ్యం బడి పిల్లల మధ్యాహ్నం భోజనానికి తీసుకుంటారు. ఏటా ఆగస్టులో వచ్చి ఆకులూ మట్టీ పరీక్షకు పట్టుకెళ్తారు. ఒక్క ఇల్లు మందు కొట్టినా ఏడిళ్ళూ పోయినట్టే. పిల్‌రే వదిలిపెట్టలేదు. చివరికి ఊరిపెద్ద మాన్‌సిక్ చేతులెత్తేశాడు.

"గల్మె పిన్నీ, మీరు మాట్లాడుతుంటే నాకు ఆయాసం వస్తోంది. ఎక్కడ పెట్టాలో చెప్పండి, సంతకం పెట్టేస్తాను."

మిగతావాళ్ళమూ అలాగే పెట్టాం, ఆమె గోల పడలేక.

ఆ రోజు అందరూ ఇళ్ళలో ఉన్న మందు సీసాలు తెచ్చి మాన్‌సిక్‌కు అప్పగించారు. నేను రెండు అప్పగించాను. మూడోది, ఎప్పుడో మా మరిది కొనిచ్చింది, కొట్టంలో కిమ్చీ ఊరగాయ జాడీల వెనక ఉంచేశాను. వరిని వదిలి ఊదగడ్డిని మాత్రం చంపే రకం అది. దొంగబుద్ధి అనండి, డెబ్బై ఏళ్ళ బుద్ధి అనండి. ఏ ఏడాది ఎలా ఉంటుందో ఎవడు చూడొచ్చాడు? ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఇది మూడో ఏడు, ఆఖరి పరీక్ష.

మందు బదులు మాకు నత్తలు. నీళ్ళలో మునిగి ఉన్న పచ్చదాన్ని నత్త వదలదు, నీటికి పైన ఉన్నదాన్ని ముట్టదు. కాబట్టి మడి అద్దంలా చదును చెయ్యాలి, నాటిన నారు వేళ్ళూని తల ఎత్తేదాకా వారం రోజులు ఆగాలి, అప్పుడు నత్తల్ని వదలాలి. గడ్డి మొలక నీటి అడుగున ఉండగానే అవి మేసేస్తాయి. పసిపిల్లకైనా తెలిసే సంగతి ఇది. జూన్ మొదట్లో నాట్లు వేసిన సాయంత్రమే పిల్‌రే నత్తల సంచి విప్పేసింది. పైగా నీళ్ళు నిండుగా పెట్టింది.

"ఏమే, నారు ఇంకా నిలబడనైనా లేదు, అప్పుడే నత్తలా?" అన్నాను.

"సంచిలో చచ్చిపోతాయేమోనక్కా!"

"తడి గోనె కప్పితే వారం బతుకుతాయి. వాటికున్న ఓపిక కూడా నీకు లేదు."

నాలుగో రోజుకు ఆమె మడిలో పల్లపు మూల బోడిగుండు అయింది. నారంతా నత్తలు మేసేశాయి. ఇక చూడాలి ఆవిడ పరుగులు! మళ్ళీ చేత్తో నారు గుచ్చాలి, నీళ్ళు తగ్గాలి, అందుకని కాలువ మడవ కట్టేసింది. ఆమె మడి నిండి పొర్లితేనే నా మడికి నీళ్ళు. పది రోజులు నాకు చుక్క రాలేదు. నీళ్ళు తగ్గగానే నా నత్తలు బురదలో దూరి పడుకున్నాయి. ఊదగడ్డి హాయిగా లేచి కూర్చుంది.

"నీ మూల బాగు చేసుకుందామని నా మడి ఎండగట్టావా?" అని గట్టు మీద నిలదీశాను.

"పది రోజులేగా అక్కా. నిదానమే ప్రధానమని నువ్వే అంటావుగా!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేశాను.

నీళ్ళు వదిలాక కూడా గడ్డి ఆగలేదు. ఊద ఒకసారి నీటిపైకి లేచాక నత్తలకు దండం పెట్టుకోవడమే. చేత్తో పీకాలి. నా రెండు మోకాళ్ళూ కోసి కుట్టినవి, బురదలో దిగితే మళ్ళీ పైకి రాలేను. మాన్‌సిక్‌ను మనుషులు దొరుకుతారా అని అడిగాను. "వచ్చే వారం... చూద్దాం... పెద్దమ్మా" అన్నాడు. మా ఊళ్ళో వచ్చే వారమంటే కోతలయ్యాక.

జూలై వచ్చింది. ఇంటి వాకిట్లో నిలబడితే వరి కనిపించడం లేదు, ఊదే కనిపిస్తోంది. అన్నం సహించలేదు. కొట్టంలోకి వెళ్ళి జాడీలు జరిపి సీసా చూడటం, మళ్ళీ జాడీలు సర్దడం, రోజుకు నాలుగుసార్లు ఇదే పని. ఇంటివైపు అంచున మాత్రం కాస్త కొడితే ఎవరికి తెలుస్తుంది? పరీక్షవాళ్ళు మధ్యలో ఆకులు తీసుకుంటారు కదా? అంతలోనే బడి పిల్లలు గుర్తొచ్చేవాళ్ళు, అంతలోనే నా గింజలు గుర్తొచ్చేవి. ఏ తెల్లవారుజామున కిటికీ తీసినా పొగమంచులో పిల్‌రే టోపీ గట్ల మీద తిరుగుతూ కనిపించేది. ఈవిడ ఇలా కాపలా కాస్తుంటే నేనెప్పుడు కొట్టేది? తిట్టుకుంటూ కిటికీ మూసేదాన్ని.

సంత రోజున ఆమె మొదటి బస్సులో పట్నం వెళ్ళి బీపీ మాత్రలు తెచ్చుకుంటుంది. ఆ రోజు కోసం కాచుకున్నాను. బస్సు వెళ్ళిన చప్పుడు విన్నాక సీసా నడుం సంచిలో పెట్టుకుని, మందు కొట్టే చేతి పంపు పట్టుకుని మడికి వెళ్ళాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

నా మడి నడిమధ్యన పిల్‌రే, తొడల దాకా బురదలో, చంకలో ఊదగడ్డి కట్టతో ఉంది.

"బస్సు పోయిందే!" అన్నాను.

"పోనీ."

"నా మడిలో నీకేం పని?"

"కనపడటంలేదా? ఊద పీకుతున్నా. నా తొందర వల్ల లేచిందేగా. ఇరవై రోజుల నుంచి నువ్వు లేచేలోపు పీకుతున్నా. ఆ కొసన మొదలెట్టాను, ఇటువైపు ఇంకా రాలేదు."

తల ఎత్తి చూశాను. అవతలి సగమంతా శుభ్రంగా ఉంది. మోకాళ్ళ వంకతో నేను ఆ కొసకు వెళ్ళనేలేదు. ఆమె మడిలో పల్లపు మూల మాత్రం మళ్ళీ గుచ్చిన నారు సగం ఎండి పసుపుపచ్చగా నిలబడి ఉంది.

"మరి నీ మూల?"

"అది పోయిందిలే." గడ్డి కట్ట గట్టు మీదికి విసిరింది. "నడుం సంచిలో ఉన్నది బయటికి తియ్యక్కా."

సంచి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఆ ఏడు మా ఆయన ఒకే రకం రెండు కొన్నాడు. ఒకటి మాకు, ఒకటి బావగారికి. అందరూ అప్పగించిన రోజు నువ్వు తెచ్చినవాటిలో అది లేదు. చూశాను."

"అప్పుడే ఎందుకు అడగలేదే? మాన్‌సిక్‌తో చెప్పలేదేం?"

"చెప్తే ఊళ్ళో నీ ముఖం ఏమైపోతుంది? నువ్వే తెస్తావనుకున్నా. ఆగాను." బురద చేత్తోనే ముక్కు తుడుచుకుంది. "నీ కొట్టంలో అది ఉన్నంతకాలం నాకు నిద్ర ఎలా పడుతుందక్కా? ఒకడిని తరిమి చంపుకున్నా. నిన్ను తరమలేను."

ఒక పూట ఆగలేక నారంతా నత్తల పాలు చేసిన మనిషి, నా కోసం మూడేళ్ళు ఆగింది. నాకు ఏడుపొచ్చింది. గట్టు మీద చతికిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. సీసా ఆమె చేతికివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకొద్దు. నీ చేత్తో నువ్వే ఇయ్యి."

ఆ మధ్యాహ్నం ఊరి భవనంలో అందరూ చల్లటి నూడుల్స్ తింటుంటే సీసా బల్ల మీద పెట్టాను.

"పెద్దమ్మా... ఇది... ఎక్కడిది..." అని మాన్‌సిక్ మొదలుపెట్టాడు.

"నువ్వు ముగించేలోపు నూడుల్స్ నానిపోతాయి. నాదే. మూడేళ్ళు దాచాను. మూత తియ్యలేదు."

ఇద్దరు ముగ్గురు తిట్టారు. తిట్టించుకున్నాను. పిల్‌రే గుమ్మంలో నిలబడి తింటోంది, తల ఎత్తలేదు.

మర్నాడు తెల్లారగట్ల కిటికీ తీశాను. గట్ల మీద ఎవరూ లేరు. పొగమంచు విడిపోయింది, ఎండ వచ్చింది, అయినా ఆ టోపీ కనిపించలేదు. నాకు కాలు నిలవలేదు. వాకిలికీ వీధికీ తిరిగాను. ఇక ఉండబట్టలేక ఆమె ఇంటికి వెళ్ళాను. గమ్‌బూట్లు మెట్టు మీద బోర్లించి ఉన్నాయి. తలుపు తట్టబోయి ఆగాను. లోపల గురక వినిపించింది, ఇంత ఎండెక్కాక!

చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి ఆమె పల్లపు మూలకు వెళ్ళాను. బురదలో దిగలేను కానీ గట్టు మీద కూర్చుంటే చెయ్యి అందినంత దూరం గడ్డి ఉంది. పీకడం మొదలుపెట్టాను.