ఐదో కార్డ్ మీద షడ్జం

నా శనివారం మధ్యాహ్నాలు అమెరికాలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక గరాజ్‌లో గడుస్తాయి. ఇల్లు డ్రమ్స్ వాయించే అతనిది. బేస్ గిటార్ పట్టేవాడు వరంగల్ వైపు అబ్బాయి, నాకంటే చిన్నవాడు. నోవైలో నేనుండే అపార్ట్‌మెంట్‌లో వారమంతా నాతో మాట్లాడేవారు ఉండరు. నన్ను పలకరించే మనుషులు ఆ గరాజ్‌లోనే ఉన్నారు.

అక్కడ లీడ్ గిటార్ నేర్చుకుంటున్నాను. మూడు కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతూ ఉంటే, వాటి మీద ఎవరి వంతు వచ్చినప్పుడు వారు అప్పటికప్పుడు కల్పించి వాయించాలి. ఆ మూడింటిలో పంచమం మీద కట్టినదాన్ని ఐదో కార్డ్ అంటారు. మొదట నేర్పే అయిదు స్వరాల స్కేల్ వినగానే గుర్తుపట్టాను, మన శుద్ధ ధన్యాసి. మా తాతగారి దివాణంలో విద్వాంసులకు శాలువాలు కప్పిన రోజులు నేను చూడలేదు. దివాణం వేలంలో పోయాక కూడా మా నాన్నగారు సంగీతం మేష్టారిని మాత్రం మానిపించలేదు. నా వాటాకి వచ్చింది ఆ స్వరజ్ఞానమే. అందుకే ధీమాగా వాయించాను. రాగం చెడలేదు. చివర షడ్జం మీద నిలిచి, పక్కన తంబూరా మోగుతున్నట్టే పొడుగ్గా సాగదీశాను.

బేస్ అబ్బాయి ఆపేశాడు. "అన్నా, కింద ఐదో కార్డ్ వచ్చింది. మేమందరం మూవ్ అయినం, మీరు అక్కడనే కూసున్నరు."

"ఆయన జమీందారు కదరా," అన్నాడు డ్రమ్మర్. "మనమే ఆయన దగ్గరికి వెళ్ళాలి!"

ఇద్దరూ నవ్వారు. మా వంశం సంగతి వాళ్ళకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆఫీస్ కాల్ ఉందని గిటార్ సర్దుకుని వచ్చేశాను.

తర్వాతి శనివారం వెళ్ళలేదు. పిలవకుండా ఒకరి గడప తొక్కడం మా ఇంట్లో లేదు. ఫోన్ మోగలేదు. మూడు కార్డ్‌లూ రికార్డ్ చేసుకుని నాకు నేనే పక్కవాద్యమయ్యాను. మన సంగీతంలో శ్రుతి కదలదు, ఎంత దూరం తిరిగినా షడ్జం ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ కార్డ్ మారిన ప్రతిసారీ నేలే జరుగుతుంది. ఐదో కార్డ్ మీద నా షడ్జం పరాయిది. అక్కడ ఇమిడేది కాకలి నిషాదం, శుద్ధ ధన్యాసిలో చోటే లేని స్వరం. వేలు మొరాయించింది. చివరికి పట్టి ఉంచాను. మొదటి కార్డ్ తిరిగి రాగానే ఒక్క ఫ్రెట్, వీణ మీదైతే ఒక్క మెట్టు, పైకి జారి షడ్జం చేరాను. అంత బాగా కుదిరినప్పుడు పక్కనెవరైనా ఆహా అనాలి. ఎవరూ లేరు.

ఆ మరుసటి శనివారం పిలుపు లేకుండానే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను.

"ఏమైపోయారండీ?" అన్నాడు డ్రమ్మర్.

"మీరు పిలవలేదు."

"పిలవడానికి ఇదేమన్నా పెళ్ళా అండీ బాబూ! శనివారమైతే వచ్చేయడమే."

"నాకు ఇంకో రౌండ్ ఇస్తారా?" అని అడిగాను. ఆ మాట నోరు దాటడానికి పడిన కష్టం వాళ్ళకి కనిపించి ఉండదు.

ఐదో కార్డ్ మీద ఆ నిషాదం పట్టాను. ఎవరూ ఆపలేదు, మెచ్చుకోనూ లేదు. నా వంతు కాగానే బేస్ అబ్బాయి, "ఇగ నేను సోలో కొడత అన్నా, మీరు కింద కార్డ్‌లు పట్టండి," అన్నాడు.

ఇంకొకరికి పక్కవాద్యం పట్టడం మా వంశంలో నాతోనే మొదలు. స్టూల్ కొంచెం వెనక్కి జరుపుకుని, అతను ఎటు కదులుతున్నాడో వింటూ మొదలుపెట్టాను.