మామ మూయని బిల్లులు

పెండ్లిళ్ల సీజన్. బేగంబజార్‌ల మా స్టీలు సామాన్ల దుకాణం నిండ గిరాకులే! కంప్యూటర్‌ల మాత్రం ఒక్క బిల్లు కదుల్తలేదు. ఓ పెండ్లోళ్లు కోపంతోటి లేచి నిలబడ్డరు. కొత్త కోడల్ని, చదువుకున్నదాన్నని అందరి ముందట గట్టిగ చెప్పిన: "మెమరీ సాల్తలేదు మామా, ఇంకోటి ఎయ్యాలె!"

ఎందుకైన మంచిదని, కంప్యూటర్‌ల ఏది ఎంత మెమరీ తింటున్నదో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూసిన. మెమరీ నిజంగనే నిండిపోయింది. కానీ పొద్దటిసంది తెరిచిన బిల్లులన్నీ అట్లనే ఉన్నయి!

"ఇవెందుకు మూయలే మామా?"

"గిరాకి ఉండంగ దుకాణంల ఏదన్న మూస్తరా బిడ్డా? అపశకునం!"

ఒక్కొక్కటే మూసిన. మెమరీ సగానికి దిగింది, బిల్లులు ఉరికినయి! పెండ్లోళ్లు మళ్ల కూసున్నరు. అన్నీ మూసినంక గూడ నిండే ఉంటెనే కొత్త మెమరీ కొనాలని సిగ్గుపడుకుంట ఒప్పుకున్న.

ఇప్పుడు మామనే మూస్తడు. ఒక్కో బిల్లుకు "పోయి రా" అని చెప్పి.