సున్నా దగ్గర దాటేసిన మెట్టు

ప్రొద్దుటూరు కాలేజీలో మాకు లెక్కలు చెప్పిన సారు ఒక్కో మెట్టు తేలగానే సుద్దముక్కతో బోర్డు తట్టేవారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సున్నా దగ్గర విలువ సున్నా అయ్యే నునుపైన ప్రమేయాన్ని, అంటే ఎన్నిసార్లయినా అవకలనం చేయగలిగిన దాన్ని, ఎక్స్‌తో భాగిస్తే, వచ్చేదీ నునుపుగానే ఉంటుందని ఒకరోజు రాసి, తట్టారు.

"ఎక్స్ సున్నా అయిన చోట ఎట్ల భాగిస్తాం సార్?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఇన్నేండ్లూ ఈడ ఒక మెట్టు దాటేసినా గదప్పా!"

మర్నాడు సమాకలనంతో నిరూపించి చూపారు. ఆ సాయంత్రమే బజారులో, తన పాత శిష్యుడి బట్టలకొట్లో, చీర అట్టపెట్టె మూత మీద అదే నిరూపణ రాస్తూ కనిపించారు.

"అదంతా ఎప్పుడో మర్చిపోయినా సార్," అంటున్నాడు కొట్టాయన.

"ఉండప్పా, ఈసారి సరిగ్గా చెప్తాండా," అని సారు పెట్టె మూత తట్టారు. "ఇది విని మర్చిపో."