మాస్టారి ఇంగ్లీషు కింద ఎర్ర గీత

ఆ రోజుల్లో రుజువు చూపించనిదే నేను దేన్నీ నమ్మేవాణ్ణి కాదు. బాబాల మీద, దిష్టి మీద, ముహూర్తాల మీద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. సభ లేనప్పుడు అరసవల్లి వెళ్లే దారిలో ఒక డీటీపీ కొట్లో టైపు చేసుకుంటూ, కంప్యూటరు చెప్పిందల్లా కళ్లకద్దుకునేవాణ్ణి. (ఈ రెండో సంగతి సభల్లో ఎవరికీ తెలియదు, నాకు కూడా.)

మా కొట్టు అరుగు మీద అర్జీల మాస్టారు కూర్చునేవారు. బాప్టిస్టు మిషను బడిలో దొరసానమ్మ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని, అక్కడే ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్దాయన. అడిగినవాళ్లకు ఊరికే అర్జీ రాసిచ్చేవారు, నేను టైపు చేసేవాణ్ణి. ఒకరోజు చేపలమ్మే ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. పడమటి తీరానికి వేటకెళ్లిన ఆవిడ మొగుడు, పడవ హద్దు దాటడంతో పరాయి దేశం జైల్లో పడ్డాడు. మాస్టారు కలెక్టరుగారికి ఇంగ్లీషులో చక్కని అర్జీ రాశారు. టైపు చేస్తుంటే రెండు మాటల కింద ఎర్ర గీతలు పడ్డాయి. 'కనెక్షన్' మధ్యలో సీటీ బదులు ఎక్స్ ఉంది (connexion). 'షో'లో ఓ ఉండవలసిన చోట ఈ ఉంది (shew).

"మాస్టారూ, ఇదేటండీ? కంప్యూటరే తప్పంటన్నాది!" అన్నాను, కొట్లో అందరికీ వినపడేలా.

"మాకు అలాగే నేర్పినారు బాబూ."

"రుజువుందా?"

ఆయన నోరు తెరిచేలోగా ఆవిడ హడలిపోయింది. "ఓలమ్మో! తప్పులుంటే మా మావని వదల్రేటి? ఆ కాయితం నాకొద్దు. బాబూ, నువ్వే సరిగ్గా కొట్టు!"

మాస్టారు పెన్నుకు మూత పెట్టుకుని లేచారు. నేను ఆ రెండు మాటలూ దిద్ది, కాయితం ఆవిడ చేతికిచ్చాను. మర్నాటి నుంచి అరుగు ఖాళీ.

కొన్ని వారాల తర్వాత, ఏదో చర్చ కోసం ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి వెళ్లి, ఒక పాత నిఘంటువు తిరగేశాను. ఆ రెండు మాటలూ ఆయన రాసినట్టే ఉన్నాయి. పాతకాలపు రాత, అంతే. నేనే ఒక గీతకు మొక్కిన భక్తుణ్ణి! ఆ పేజీ జిరాక్సు తీయించి మాస్టారింటికి పరుగెత్తాను.

కళ్లజోడు పెట్టుకుని చూసి ఆయన మురిసిపోయారు. "సూసేవా, మా దొరసానమ్మ తప్పు నేర్పలేదు!"

"రేపు రండి మాస్టారూ. అందరి ముందూ సెప్తాను."

"ఏటి సెప్తావు బాబూ? మొగుడు జైల్లో ఉన్న మనిషికి కావాల్సినది నా గెలుపు కాదు, భయం లేని కాయితం. నా రాత సూస్తే ఇంక భయమే వస్తాది."

కొన్ని నెలలకు ఆవిడ మొగుడు తిరిగొచ్చాడు. ఆవిడ పెద్ద వంజరం చేప తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "నీ అర్జీ వల్లే బాబూ!"

"అది మాస్టారు రాసిందేనమ్మా. నేను మార్చింది రెండే మాటలు."

"ఆ రెండే కదా బాబూ తప్పులు!" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

ఆ చేప పట్టుకెళ్లి మాస్టారికిచ్చి, "ఆవిడ మీకే ఇమ్మంది, మీ అర్జీ వల్లే మొగుడొచ్చాడట" అన్నాను. ఆయన నమ్మినట్టే నవ్వారు. నేను వెనక్కి తీసుకోదలచని అబద్ధం ఇప్పటికీ అదొక్కటే.