ఎదురింటి కెమెరా, నా అరుగు

నేను మర్చిపోయే మనిషిని కాను. ఏ పెళ్లిలో ఎవరు నన్ను పలకరించకుండా పోయారో, ఏ చీర కట్టుకుని పోయారో కూడా చెప్పగలను. కాబట్టి ఈ కెమెరా సంగతి మొదటి నుంచీ చెబుతాను.

ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. ఎదురిల్లు మా చిన్నమామగారి కొడుకుది, అంటే నాకు మరిది. నేత మానేసి ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాక ఇంటికి తాళం వేసి, పెళ్లాం పిల్లలతో అక్కడికే మారిపోయాడు. పోయేటప్పుడు నాకు ఒక్క మాట చెప్పలేదు. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఎవరో నిచ్చెనతో వచ్చి, ఆ ఇంటి చూరు కింద తెల్లటి కెమెరా బిగించి వెళ్లాడు. ఇంటికి కాపలా కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే దాని మొహం వాళ్ల తలుపు వైపు లేదు. నేరుగా మా అరుగు వైపుంది.

ఆ అరుగు మీద ముప్ఫై ఏళ్లుగా రాట్నం పెట్టుకుని మా ఆయన మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. లోపల గదిలో వెలుతురు చాలదు, పోగు తెగినా కనపడదు. తల ఆరబెట్టుకునేది అక్కడే, బియ్యం ఏరుకునేది అక్కడే. సాయంత్రం నాలుగింటికి గంట కొట్టుకుంటూ బండి వస్తే రెండు మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, గుమ్మానికి వీపు తిప్పి తినేదీ అక్కడే. షుగర్ ఉందని డాక్టర్ నూనె వంటలు మానేయమన్నాడు. అందుకే మా ఆయనకు కనపడకుండా వీపు తిప్పేదాన్ని. వీధి వైపు నా మొహం ఉంటుందన్న ఆలోచన అప్పటికి లేదు. ఎదురుగా ఉన్నది తాళం వేసిన ఇల్లే కదా.

కెమెరా పెట్టిన కొన్ని నెలలకు ఆదోనిలో బంధువుల నిశ్చితార్థం జరిగింది. భోజనాల బంతిలో కూర్చున్నాను. లడ్డు వడ్డించబోతే, షుగర్ ఉందమ్మా, తీపి ముట్టను అన్నాను. నీళ్ల చెంబుతో వస్తున్న మరిది నా ముందర ఆగాడు.

"లడ్డు వొద్దంటావు, బాగుంది. మరి రోజూ నాలుగింటికి ఆ రెండు బజ్జీలు ఎవురు తింటాండారు వదినా?"

చెంబు కింద పెట్టి ఫోన్ తీశాడు. నేను కళ్లు మూసుకుని బజ్జీ నములుతున్నది అందులో ఉంది. ఫోన్ బంతి ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు వరసగా గుర్తుంది. మా ఆయన మాత్రం తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు రాట్నం లోపలికి మార్చాను. వారం తిరక్కుండానే కళ్లు మంటలు. కండెలు వదులుగా వస్తున్నాయి, నేసేటప్పుడు అడ్డంగా పోయే పేక తెగిపోతోంది. మా ఆయన ఏమీ అనడు, తెగిన పోగు ముడేసుకుంటాడు. అది ఇంకా బాధ. నాకు కావలసింది ఒక్కటే, నా అరుగు మీద నేను మునుపటిలా కూర్చోవడం. మరిదికి ఫోన్ చేసి కెమెరా తిప్పమని అడిగాను. ఇంటి భద్రత కోసమని అన్నాడు. మూడోసారి అడిగితే విసుక్కున్నాడు.

"అరుగు మీద దాసుకునేది ఏముంది వదినా నీకు?"

"ఏముందో నీకు సెప్తే ఇంక దాసుకునేది ఏముంటాది?" అన్నాను.

వార్డు ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చాను. అది అతని గోడ, అతని కెమెరా, మాట్లాడుకుని సర్దుకోండమ్మా అన్నారు. పోలీసు స్టేషన్‌కూ వెళ్లాను. వీధికి కెమెరా ఉండడం మంచిదేనని చెప్పి, అవసరానికి పనికొస్తుందని మరిది నంబరు రాసుకున్నారు.

అప్పుడు నాకు మా పనిలోనే దారి దొరికింది. మా వీధిలో పడుగు సాగదీయాలన్నా, రంగు వేసిన నూలు ఆరేయాలన్నా, ఎవరి గోడకు ఎవరు తాడు కట్టినా ఎవరూ ఏమీ అనరు. మా ఆయన పెరట్లో ఎర్ర రంగు వేసి పెట్టిన నూలు కట్టలు, మేము చిలపలంటాం, తెచ్చాను. మా స్తంభం నుంచి మరిది ఇంటి చూరు వాసం దాకా తాడు కట్టి, సరిగ్గా కెమెరా ముందర దట్టంగా వేలాడదీశాను.

ఆ సాయంత్రమే మరిది ఫోన్ చేశాడు. తన ఫోన్‌లో అంతా ఎర్రగా ఉందట. నూలు ఆరేశానన్నాను. ఎప్పుడు తీస్తావన్నాడు. ఆరినాక అన్నాను.

అయిదో రోజు ఆదోని బస్సు దిగి వచ్చాడు. పోట్లాడడానికి కొంగు దోపుకుని గడప దాటాను. అతను కెమెరా వైపు చూడనే లేదు. చిలపల దగ్గరకు పోయి, ఒకదాన్ని విప్పి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"రంగు నూలు ఎవురన్నా ఎండలో వేస్తారా వదినా?"

చూస్తే ఎండ తగిలిన వైపు ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. నీడలో ఆరేయాలని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోపంలో నాకు గుర్తు రాలేదు. ఇద్దరం కలిసి చిలపలు దించాం. అతని చేతులు చిక్కు పడకుండా నూలు మడిచాయి. నేత మానేసిన చేతులని ఎవరూ అనరు.

తర్వాత అరుగు మీద కూలబడి చెప్పాడు, మిల్లులో రోజంతా పత్తి కుక్కిన బోరేలు తప్ప ఏమీ కనపడదట. మధ్యాహ్నం అన్నం తిని, మళ్లీ సాయంత్రం టీ తాగుతూ ఫోన్ తెరిస్తే మన వీధి, నేను, నా రాట్నం కనపడేవట. దొంగల కోసం చూసింది తక్కువే అన్నాడు. నాకు మనసు కొంచెం మెత్తబడింది. కొంచెమే.

"వీధి సూడాలంటే బస్సెక్కి రా అప్పా," అన్నాను. "నువ్వు నన్ను సూసేటప్పుడు నేనూ నిన్ను సూడాల."

మా స్టూలు అడిగి తీసుకుని కెమెరా తనే తిప్పాడు. ఫోన్‌లో ఇప్పుడు వాళ్ల తాళం, గడప, గడప మీద పడుకున్న కుక్క. రెండుసార్లు చూసి నమ్మాను. ఆ బజ్జీల వీడియో కూడా నా కళ్ల ముందే తీసేయించాను.

వెలిసిన నూలుతో మా ఆయన తువ్వాళ్లు నేశాడు, ఒక చార ఎరుపు, ఒక చార ఇటుక రంగు. ఒకటి మరిదికి ఇచ్చాం. ఇప్పుడు సెలవు దొరికిన ఆదివారం వస్తాడు, బొరుగుల ఉగ్గాని తిని పోతాడు. బంతిలో నవ్వించినందుకు తప్పయిందని మాత్రం ఇంతవరకూ అనలేదు. ఎదురు చూస్తున్నాను.

రాట్నం మళ్లీ అరుగు మీదికి వచ్చిన రోజు మా ఆయనను అడిగాను, ఆ రోజు బంతిలో నీకు ఆశ్చర్యం వేయలేదా అని.

"రోజూ నాలుగింటికి బండి గంట మోగుతాది, నీ రాట్నం ఆగుతాది," అన్నాడు మగ్గం మీది నుంచి తల ఎత్తకుండా. "తెలిస్తే మాత్రం సెప్పాల్నా?"

ఇన్నేళ్లు తెలిసీ నన్ను వీపు తిప్పుకుని తిననిచ్చినందుకు ఆయన మీద కూడా ఒక కోపం పెట్టుకున్నాను. అది పెద్దది కాదు.

ఆ సాయంత్రం బండి గంట మోగింది. నేను రాట్నం ఆపాను. లోపల మగ్గం చప్పుడు ఆగలేదు.