ముందు వినాల్సిన మనిషి

గత నెల ఒక ఆదివారం ఉదయం తాండూరు నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మామ పోయిండు బిడ్డా" అన్నది. హైదరాబాద్ పత్రికలో వారం వారం ఆయన కాలమ్ చదివినవాళ్లకు ఆయన పేరు తెలుసు. నాకు మేనమామ.

నగరంలో ఉద్యోగమైనా అక్కడ ఇల్లు తీసుకోలేదు. తాండూరు నుంచి రైల్లోనే వెళ్లి వచ్చేవారు. ఎదుటి సీట్లో కూర్చున్న మనుషుల గురించి, స్టేషన్ల దగ్గర కనబడేవాళ్ల గురించే రాసేవారు. రాసింది అచ్చుకు పంపేముందు ఆ మనిషికే చదివి వినిపించేవారు. "ఎవరి గురించి రాస్తె వాళ్లే ముందు వినాలె" అనేవారు.

నిరుడు ఆయన చూపు మందగించాక చదివే పని నాకు వచ్చింది. నేను వికారాబాద్‌లో కాన్వెంటులో చదువుకున్నాను. మెల్లగా మాట్లాడటమే అక్కడ మర్యాద. కొత్తవాళ్లతో నాకు ఆ కాస్త గొంతు కూడా రాదు. పక్కన కూర్చుని మామ ప్రతిసారీ అనేవారు: "జర గట్టిగ చదువు బిడ్డా. నీకు నువ్వే చెప్పుకుంటున్నవా?"

ఒకసారి వికారాబాద్ స్టేషన్ బయట చాయ్ బండి నడిపే ఆయనకు ఫోన్లో చదివాను. అంతా విని, "సారూ, నా చాయ్ గురించి గంత మంచిగ రాసిండ్రు. ఒక్కనాడన్న తాగిండ్రా?" అని అడిగాడు. మామకు షుగర్. చాయ్ మానేసి పదేళ్లు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి సగం గ్లాసు తాగారు. "మంచిగనే ఉన్నది. గంత లేదు" అని, 'అద్భుతమైన' అన్న మాట నాతో కొట్టేయించారు. ఆ తర్వాత నేను కూడా ఆ మాట ఎక్కడా రాయలేదు.

ఆయన పోయిన వారానికి పత్రికవాళ్లు చివరి కాలమ్ ఉంటే పంపమన్నారు. తాండూరులో మామ బల్ల మీద ఉంది, పెద్ద పెద్ద అక్షరాల్లో. ధారూర్ నుంచి రోజూ రైల్లో ఆకుకూరలు తెచ్చి అమ్మే ఒకామె గురించి. పై మూలలో ఆమె ఇంటి గుర్తులు, కింద 'వినిపించాలి' అని.

"పంపియ్యి. ఇప్పుడెవరు అడుగుతరు?" అన్నది అత్తమ్మ.

నిజమే, అడిగే మనిషి లేరు. రెండు రోజులు ఆ కాగితం సంచిలో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు ధారూర్‌లో దిగాను.

ఆమె గడపలో కూర్చుని విన్నది. 'తోడెవరూ లేని ఈమె' అన్న దగ్గర చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా. ఎవ్వరు లేరని ఎవరు చెప్పిండ్రు సారుకు? రైల్ల ఒక్కదాన్నే కనబడితిననా? కూర తెంపేది, కట్టలు గట్టేది మా చెల్లె. గదిగో, లోపలున్నది."

మామ పెన్నుతోనే ఆ మాటలు కొట్టేసి, చెల్లెలి సంగతి రాశాను.

"ఇగ మొదటి నుంచి చదువు. జర గట్టిగ. దానికి చెవులు సరిగ వినబడయి."

లేచి నిలబడి చదివాను. నా గొంతు వెనక గదిదాకా పోయింది. అక్కడ తడి గోనె మీద కూర్చున్న చెల్లెలు తలెత్తింది. ఆమె చేతిలో మెంతికూర కట్ట సగం చుట్టి ఉంది. దారం కొస పళ్ల మధ్యనే ఆగిపోయింది.