ఆసిమ్ చూసినానన్న ఫోటో

ముత్తుకూరు బస్టాండు పక్క సందులో ఆసిమ్‌ది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. పనిమంతుడే. చిక్కల్లా నోటితోనే. ఎదుటివాళ్ళు తమ మిషను గోడు వెళ్ళబోసుకోవడం పూర్తి కాకముందే "చూసినా, చూసినా" అంటాడు. ఇంట్లో భార్య జబీనా గ్యాస్ బండ అయిపోవచ్చిందని చెబితే, ఫోనులోంచి తల ఎత్తకుండానే చూసినానంటాడు. ఆమె కొన్నాళ్ళు పోట్లాడి, తర్వాత ఆ మాటను లెక్కచేయడం మానేసింది. రేడియోలు బాగుచేసిన తండ్రి లాల్ అహ్మద్ మాత్రం బతికున్నన్నాళ్ళూ తిడుతూనే ఉన్నాడు. మూత విప్పకుండా చూసినానని ఎట్లా అంటావురా అని ఆయన బాధ.

ముత్తుకూరు నుంచి సముద్రం దాకా ఉన్న కంప్యూటర్లలో సగం ఆసిమ్ చేతి మీదుగా వచ్చినవే. కొట్టు పెట్టిన కొత్తలో ఒక డిస్కు తీరిగ్గా తయారుచేసుకుని, దాని నకలునే ప్రతి మిషన్లోకీ ఎక్కించాడు. ఆ నకల్లో ఒక లోపం ఉండిపోయింది. కంప్యూటరు లేచేటప్పుడు ముందుగా చదువుకునే ఫైళ్ళకు డిస్కు మొదట్లో చిన్న భాగం ఒకటి ఉంటుంది. బూట్ పార్టిషన్ అంటారు. ఆసిమ్ దాన్ని మరీ ఇరుకు చేశాడు. ఆ రోజులకు అది సరిపోయింది. ఇప్పుడొచ్చే అప్‌డేట్లకు అందులో చోటు చాలడం లేదు. సగం దాకా పోవడం, మళ్ళీ వెనక్కి రావడం. ఒకదాని తర్వాత ఒకటిగా మిషన్లన్నీ ఇదే రోగంతో మొరాయించాయి. ఆసిమ్ బండి వేసుకుని పోయి, ఆ భాగంలో అక్కరలేని ఫాంట్ల ఫైళ్ళు చెరిపి, కాస్త జాగా చేసి వస్తాడు. తెచ్చిన టీ చల్లారేలోపు అయిపోయే పని. తప్పు ఎవరిదో మాత్రం ఎక్కడా నోరు జారలేదు.

ఇంకో మాట కూడా ఊరూరా చెప్పి పెట్టాడు. దాచుకోవలసినవన్నీ డి డ్రైవులో పెట్టుకోండి, కంప్యూటరును నడిపే ఫైళ్ళుండే సి పోయినా డి పోదు అని. అది మంచి మాటే. జనం నమ్మారు.

నమ్మినవాళ్ళలో సముద్రం ఒడ్డున జాలర్ల పాలెంలో ఫోటో స్టూడియో నడిపిన గిద్యోను ఒకడు. అతను జబ్బుచేసి పోయాక భార్య అబిగయీలు స్టూడియో చూసుకుంటోంది. ఆ పాలెంలో ఒక ఆనవాయితీ ఉంది. సముద్రం మీద పోయి శవం కూడా దొరకని మనిషికి పెద్ద ఫోటో కట్టించి, కొత్తగుడ్డలో చుట్టి, శవాన్ని మోసినట్టే మోసుకుపోయి ఒడ్డున పూడుస్తారు. ఏ ఫోటో అన్నది కన్నతల్లే ఎంచాలి.

తుపానులో చిక్కుకున్న బోటులో వెంకటశేషమ్మ కొడుకు పెంచలకృష్ణ ఉన్నాడు. వెతికి వెతికి అందరూ ఆశ వదిలేశారు. వాడి ఫోను వాడితోనే పోయింది. తోటి కుర్రాళ్ళ ఫోన్లు గాలిస్తే ఎందులోనూ ముఖం తిన్నగా లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు, కాకపోతే అటు తిరిగి ఉన్నాడు. కుదురుగా నిలబెట్టి తీసినవాడు గిద్యోను ఒక్కడే. ఆ ఫోటోలు స్టూడియో కంప్యూటర్లో ఉన్నాయి. సాయంత్రం వచ్చి ఒకటి ఎంచుకుంటానని వెంకటశేషమ్మ కబురు చేసింది. ఆ పొద్దునే కంప్యూటరు అప్‌డేట్ అని మొదలుపెట్టి, ఆరిపోతూ వెలుగుతూ కూర్చుంది. అబిగయీలు భయపడి ఆసిమ్‌కు ఫోన్ చేసింది.

ఆసిమ్ వచ్చేసరికి అప్‌డేట్ వెనక్కి పోయి, మిషను మామూలుగా లేచి ఉంది.

"ముందు ఆ పిల్లోడి ఫోటోలు పెన్‌డ్రైవులోకి తీసెయ్యి ఆసిమూ. మిగతాది నిదానంగా చేసుకుందువు," అంది అబిగయీలు.

"ఫోటోలు డి లో ఉండాయి గదక్కా. నేను ముట్టుకునేది సి ని. వాటికేం గాదు."

"పెంచలకృష్ణవి ఉండాయా? చూసినావా?"

"చూసినానక్కా."

అతను చూసింది డి డ్రైవులో 'ఫోటోలు' అన్న పేరుతో ఉన్న ఫోల్డరు బొమ్మను. దాన్ని తెరవలేదు. బొమ్మ మూలన ఉన్న చిన్న బాణం గుర్తు కంట పడలేదు. ఆ గుర్తుందంటే అక్కడున్నది ఫోల్డరు కాదు, ఫోల్డరుకు దారి మాత్రమే. అన్నీ డి లోకి చేర్చేశాననుకుని గిద్యోను ఆ దారినొక్కదాన్నే అక్కడ పెట్టుకున్నాడు. నొక్కితే ఫోటోలు తెరుచుకునేవి గనుక ఎవరికీ అనుమానం రాలేదు. అసలు ఫోటోలన్నీ సి లోనే ఉండిపోయాయి.

ఎప్పటిలా నాలుగు ఫాంట్లు చెరిపి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ అబిగయీలు మామూలుగానే, "పోయినసారి గూడా బాగైందన్నావు గదా," అంది. ఆ మాట ఆసిమ్‌కు గుచ్చుకుంది. తను ఇరుకు చేసిన భాగాన్ని ఈసారి తనే వెడల్పు చేసి, మళ్ళీ ఈ గడప తొక్కే పని లేకుండా చేద్దామనుకున్నాడు. అలా చేయాలంటే దాని పక్కనున్న సి మొత్తాన్ని కాస్త అవతలికి జరపాలి. మధ్యలో ఆగకూడని పని అది. యూపీఎస్ మీద పచ్చలైటు వెలుగుతోంది. అది చూసి, మొదలుపెట్టమని నొక్కాడు. లోపల బ్యాటరీ ఉబ్బిపోయి ఉందని చూడలేదు.

సగం పని కాకముందే ఫ్యాను నెమ్మదించింది. యూపీఎస్ ఒక్క కూత కూసి ఊరుకుంది. తెర నల్లబడింది. వాకిట్లోంచి చూస్తే దూరాన కరెంటు తయారుచేసే కేంద్రం పొగగొట్టాలు ఎప్పట్లాగే పొగ వదులుతున్నాయి. ఆసిమ్ యూపీఎస్ బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

కరెంటు వచ్చాక డిస్కు విప్పి వేరే మిషనుకు తగిలించాడు. డి క్షేమంగా ఉంది. ధైర్యం వచ్చి 'ఫోటోలు' మీద నొక్కితే, అది చూపే చోటు లేదని తెర మీద పడింది. అప్పుడు కనిపించింది బాణం గుర్తు. డిస్కును నెల్లూరు తీసుకుపోయి, తనకంటే తెలిసినవాళ్ళ చేత వెతికించాడు. పేర్లు పోయిన ముక్కలు దొరికాయి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, నుదుటి దాకా వచ్చి కిందంతా బూడిదరంగైపోయిన ముఖాలు. వాటిలో పెంచలకృష్ణ ఎవరో తేల్చడం ఎవరి తరమూ కాలేదు.

చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించారు. అలుక్కుపోయిన కళ్ళు, మసకేసిన బుగ్గలు. బంధువులే దాన్ని చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెంకటశేషమ్మ ఎంచడానికి అక్కడ ఏమీ లేదు.

పూడ్చేరోజు ఆసిమ్ పాలెం వెళ్ళాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. జనం వెనకాల నిలబడితే వెంకటశేషమ్మ తనే పిలిచింది.

"అబ్బయా, మిషను తెరిచినప్పుడు మావోడి ఫోటో నువ్వు చూసినావంట గదా. అబిగయీలు చెప్పింది."

పక్కనే ఉన్న అబిగయీలు తల వంచుకుంది. ఆసిమ్ లేదని చెబుదామనే అనుకున్నాడు.

"చూసినానమ్మా," అన్నాడు.

"ఎట్లుండాడు దాంట్లో?"

ఆ తల్లికి ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదు, కనీసం ఈ ఒక్క మాటైనా ఇద్దామనుకున్నాడు.

"నవ్వతా ఉండాడమ్మా. నోరారా నవ్వతా ఉండాడు."

వెంకటశేషమ్మ అడ్డంగా తల ఊపింది.

"చిన్నప్పుడు పడవ అంచు తగిలి ముందరి పళ్ళు ఇరిగిపోయినాయి వాడికి. అప్పట్నించి ఫోటో అంటే నోరు తెరిచేవోడు కాదు. ఎవురన్నా ఫోను ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టుకునేవోడు," అంది. గొంతులో కోపం లేదు. "నువ్వు చూళ్ళేదులే అబ్బయా."

గుడ్డ చుట్టిన ఫోటోను మగవాళ్ళు భుజానికెత్తుకున్నారు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, ఎవరి కొడుకులాగానో ఉన్న ఆ బొమ్మ వెనకాల సముద్రం వైపు నడిచింది.